సైకిల్ ఇంజను కార్బురేటర్ ట్యూనింగ్: గాలి దారి సరిచేసే పద్ధతి

సైకిలుకు బిగించే చిన్న టూ స్ట్రోక్ ఇంజను కొన్నవారిలో చాలామంది మొదటి నెలలోనే ఒక పని చేస్తారు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఊడదీసి, లోపలి స్పాంజి తీసి పక్కన పెట్టి, గాలి ధారాళంగా అందుతోంది కాబట్టి ఇంజను ఇక బాగా లాగుతుందని నమ్ముతారు. నేనూ ఒకప్పుడు అదే చేశాను. రెండు రోజులు బండి నిజంగానే చురుగ్గా పరుగెత్తింది. మూడో రోజు మిట్టమధ్యాహ్నం, ఎదురుగాలిలో, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పోతుండగా వెనక చక్రం ఒక్కసారిగా పట్టేసింది. సిలిండర్ విప్పి చూస్తే పిస్టన్‌కు ఎగ్జాస్ట్ వైపు నిలువునా లోతైన గీతలు పడి ఉన్నాయి, బోరు (సిలిండర్ లోపలి రంధ్రం) గోడకు అల్యూమినియం పూసుకుపోయి ఉంది. టూ స్ట్రోక్ ఇంజనుకు ఆయిల్ పెట్రోలుతో కలిసే వస్తుంది. గాలి పెరిగి దానికి తగినంత పెట్రోలు రాకపోతే మంట వేడెక్కుతుంది, ఆ వేడిని తట్టుకోవడానికి కావలసిన ఆయిల్ మాత్రం అందదు. అందుకే కార్బురేటర్‌కు, అంటే గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకు పంపే భాగానికి, గాలి బాగా ఆడేలా చేయడం అంటే గాలిని పెంచడం కాదని, రాకూడని దారిలో వచ్చే గాలిని ముందు ఆపి, రావలసిన దారిని శుభ్రపరచి, ఆ తరువాత అందుకు తగ్గట్టు పెట్రోలు కొలతను సరిచేయడమని ఆ రోజు నుంచి గట్టిగా నమ్ముతున్నాను. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే సాగుతుంది. వరుస తప్పితే శ్రమంతా వృథా అవుతుంది.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా 47 మిల్లీమీటర్ల బోరు, 38 మిల్లీమీటర్ల స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఉండే సైకిల్ ఇంజను కిట్ గురించి. దాన్ని 80 సీసీ అని అమ్ముతారు గాని, లెక్క కడితే అది 66 సీసీ. దానితో వచ్చే కార్బురేటర్ స్లయిడ్ రకానిది, అంటే థ్రాటిల్ తిప్పితే ఒక చిన్న తలుపు పైకి కిందికి జరిగి గాలి దారిని తెరిచి మూస్తుంది. అందులో ఒకటే జెట్ (పెట్రోలు పోయే సన్నని రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క), స్లయిడ్‌తో పాటు కదిలే ఒక సూది, కింది బౌల్‌లో పెట్రోలు మట్టాన్ని నిలిపే ఒక ఫ్లోట్ ఉంటాయి. మరో విషయం కూడా ముందే చెప్పుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం నాలుగు చక్రాల కన్నా తక్కువ ఉండి, 25 సీసీ మించని ఇంజను ఉన్న వాటిని మోటారు వాహనం అనే నిర్వచనం నుంచి మినహాయించింది. 66 సీసీ ఇంజను బిగించిన సైకిల్ ఆ మినహాయింపులోకి రాదు. రిజిస్ట్రేషన్ లేకుండా దాన్ని రోడ్డు మీద నడపడం నేరం కనుక, కింద చెప్పిన పరీక్షలన్నీ సొంత స్థలంలోనో, పొలం బాటలోనో, అనుమతి ఉన్న మైదానంలోనో చేయండి.

గాలి ఎలా పనిచేస్తుంది

టూ స్ట్రోక్ ఇంజను ప్రతి చుట్టుకూ ఒకసారి గాలి పీలుస్తుంది. 66 సీసీ ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే లెక్క ప్రకారం 264 లీటర్ల గాలి కావాలి. దారిలోని అడ్డంకుల వల్ల వాస్తవానికి లోపలికి చేరేది అంతకంటే తక్కువే. ఆ గాలి కార్బురేటర్ మధ్యలోని ఇరుకైన గొంతులోంచి పోయేటప్పుడు వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగిన చోట పీడనం పడిపోతుంది, ఆ పడిపోయిన పీడనమే కింద బౌల్‌లో ఉన్న పెట్రోలును జెట్ గుండా పైకి లాగుతుంది. కాబట్టి గొంతు ఇరుకుగా ఉండటం లోపం కాదు, అదే ఆ పరికరానికి ప్రాణం. ఎక్కువ గాలి కోసమని పెద్ద గొంతు ఉన్న కార్బురేటర్ కొని బిగిస్తే, తక్కువ చుట్ల వద్ద గాలి వేగం తగ్గిపోయి పెట్రోలు సరిగా లేవదు, పికప్ పడిపోతుంది. ఉన్న కార్బురేటర్‌ను పూర్తిగా సరిచేయకముందు కొత్తది కొనవద్దనే నా సలహా.

స్వచ్ఛమైన పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన దాదాపు 14.7 పాళ్ల గాలి కావాలి. పూర్తి శక్తి రావాలంటే 12.5 నుంచి 13 పాళ్ల మధ్య, అంటే కొంచెం పెట్రోలు ఎక్కువగా ఉండాలి. ఇప్పుడు మన బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఆ 14.7 అనే అంకె సుమారు 13.5కు దిగుతుంది. అంటే పాత పెట్రోలుకు సరిగ్గా కుదిరిన జెట్టే ఇప్పుడు దాదాపు 8 శాతం తక్కువ పోస్తున్నట్టు లెక్క. ఏ మార్పూ చేయకపోయినా ఇంజను మునుపటికన్నా వేడెక్కుతోందని ఎవరైనా అంటే, నేను ముందుగా అనుమానించేది దీన్నే.

మొదలుపెట్టే ముందు

కొత్త ఇంజనైతే మొదటి నాలుగైదు లీటర్ల పెట్రోలు ఖర్చయ్యేవరకు ట్యూనింగ్ జోలికి పోకండి. పెట్రోలు, గాలి కొలత కుదిరిందో లేదో స్పార్క్ ప్లగ్ రంగే చెబుతుంది గాని, పిస్టన్ రింగులు బోరుకు కుదురుకోకముందు తీసిన ప్లగ్ రంగు మీకు నిజం చెప్పదు. ఆయిల్ కొలతను కూడా ఒకసారి నిర్ణయించుకుని మార్చకుండా ఉంచండి. లీటరుకు 40 మిల్లీలీటర్లు కలిపితే 25కు 1, 31 మిల్లీలీటర్లు కలిపితే సుమారు 32కు 1 అవుతుంది. ఆయిల్ పెంచితే ఇంజనుకు రక్షణ పెరుగుతుందని అనుకుంటాం గాని, అదే జెట్ గుండా పోయే ద్రవంలో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది. అంటే మిశ్రమంలో గాలి ఎక్కువైనట్టే. అందుకే కొలత మార్చిన ప్రతిసారీ ట్యూనింగ్ మళ్లీ చూసుకోవలసి వస్తుంది.

ఒక చిన్న నోటు పుస్తకం దగ్గర పెట్టుకోండి. ఇప్పుడున్న జెట్ అంకె, సూదిని స్లయిడ్‌కు పట్టి ఉంచే క్లిప్పు పైనుంచి ఎన్నో గాడిలో ఉంది, ప్లగ్ గ్యాప్ ఎంత, ఆ రోజు ఎండ ఎలా ఉంది, ఇవన్నీ రాసుకున్నాకే విప్పండి. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. రెండు మార్పులు కలిపి చేసి ఫలితం బాగుంటే దేనివల్ల బాగుందో తెలియదు, పాడైతే దేనివల్ల పాడైందో అసలే తెలియదు.

మొదటి మెట్టు: దొంగ గాలిని పట్టుకోవడం

కార్బురేటర్ దాటిన తరువాత ఎక్కడ సందు ఉన్నా, ఇంజను ఆ సందులోంచి పెట్రోలు కలవని గాలిని పీల్చుకుంటుంది. దాని గుర్తులు స్పష్టంగానే ఉంటాయి. థ్రాటిల్ వదిలినా రేస్ వెంటనే దిగదు, ఐడ్లింగ్ ఒకసారి ఎక్కువగా ఒకసారి తక్కువగా ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు సరిగా ఉన్న ఇంజను వేడెక్కాక అదుపు తప్పుతుంది. ఈ కిట్లలో నేను చూసిన ఫిర్యాదుల్లో చాలావరకు జెట్ తప్పు కాదు, ఇదే.

ముందుగా సిలిండర్‌కు ఇన్‌టేక్ గొట్టం కలిసే చోటు చూడండి. రెండు బోల్టులతో బిగించే ఆ గొట్టం అంచు పోతపోసినప్పుడే కాస్త వంకరగా ఉండే అవకాశం ఎక్కువ. గొట్టం విప్పి, మందపాటి గాజు పలక మీద 220 నంబరు ఎమరీ పేపర్ పరిచి, రెండు చుక్కల ఆయిల్ వేసి, అంచును సున్నాలు చుడుతున్నట్టు నెమ్మదిగా రుద్దండి. పది పదిహేను చుట్లయ్యాక తిప్పి చూస్తే ఎత్తుగా ఉన్న చోట్లు మెరుస్తాయి, పల్లంగా ఉన్న చోట్లు మసకగానే మిగులుతాయి. ఒకసారి నా చేతిలో ఉన్న గొట్టానికి రెండు బోల్టు రంధ్రాల దగ్గర మెరుపు వచ్చి, మధ్యలో గాలి పోయే రంధ్రం చుట్టూ సగానికి పైగా నల్లగానే ఉండిపోయింది. అంటే బోల్టులు ఎంత బిగించినా, ప్యాకింగ్ (అతుకు మధ్య పెట్టే కాగితపు పొర) నొక్కుకోవలసిన అసలు చోట నొక్కుకోవడం లేదన్నమాట. అంచంతా ఒకే మెరుపు వచ్చేవరకు రుద్ది, పెట్రోలుతో కడిగి, కొత్త ప్యాకింగ్ వేసి, రెండు నట్లను ఒక్కొక్క పావు చుట్టు చొప్పున మార్చి మార్చి బిగించండి. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి పోతే అంచు మళ్లీ వంగుతుంది.

రెండో చోటు కార్బురేటర్, గొట్టం మీద కూర్చునే భాగం. కార్బురేటర్ మూతికి బిగింపు కోసం నిలువుగా చీలిక ఉంటుంది, దాని మీద క్లాంపు పడుతుంది. గొట్టం లోపలి చివర దాకా పోకపోతే ఆ చీలిక తెరిచే ఉండిపోయి అక్కడి నుంచి గాలి పోతుంది. క్లాంపు ఎంత బిగించినా అది ఆగదు. గొట్టం చివర కూర్చునే చోట సరిపోయే ఓ-రింగు ఒకటి పెట్టి, గొట్టాన్ని దాని మీద నొక్కుకునేలా పూర్తిగా తోసి, అప్పుడు క్లాంపు వేయండి. ఓ-రింగు పెట్రోలుకు, ఇథనాల్‌కు ఉబ్బని రకం కావాలి. మామూలు రబ్బరు రింగు కొన్ని వారాల్లోనే మెత్తబడిపోతుంది.

తరువాత ఇంజను స్టార్ట్ చేసి, ఐడ్లింగ్‌లో ఉంచి, సబ్బు నీళ్లలో ముంచిన బ్రష్‌తో ఆ రెండు అతుకుల చుట్టూ, సిలిండర్ అడుగున ఉన్న ప్యాకింగ్ దగ్గర, మాగ్నెట్ వైపు క్రాంక్ సీలు (ఇంజను ఇరుసు చుట్టూ గాలి దూరకుండా ఆపే రబ్బరు) దగ్గర తడపండి. ఎక్కడ తడిపినప్పుడు ఇంజను శబ్దం మారుతుందో అక్కడే సందు ఉంది. కొందరు దీనికి కార్బురేటర్ క్లీనర్ స్ప్రే వాడతారు. వేడి సైలెన్సర్ పక్కనే మండే ద్రవం చిమ్మడం నాకు ఇష్టం లేదు, సబ్బు నీరు చాలు.

రెండో మెట్టు: పెట్రోలు దారి, ఫ్లోట్

గాలి గురించి మాట్లాడుతూ పెట్రోలు దగ్గరకు ఎందుకు వచ్చానంటే, పెట్రోలు సరిగా దిగకపోతే కనిపించే లక్షణాలు గాలి ఎక్కువైనప్పటి లక్షణాల్లాగే ఉంటాయి. ట్యాంకు మూతకు ఉండే చిన్న గాలి రంధ్రం మూసుకుపోతే పది పదిహేను నిమిషాలు నడిచాక బండి నీరసపడి ఆగిపోతుంది, మూత వదులు చేయగానే మళ్లీ బతుకుతుంది. పైపు ఊడదీసి ట్యాప్ తిప్పితే పెట్రోలు చుక్కలుగా కాకుండా ధారగా పడాలి.

బౌల్ విప్పి కార్బురేటర్‌ను తలకిందులుగా పట్టుకుంటే ఫ్లోట్, ప్యాకింగ్ అంచుకు సమాంతరంగా నిలబడాలి. ఇత్తడి నాలుక ఉన్న ఫ్లోటైతే ఆ నాలుకను వెంట్రుకవాసి వంచి సరిచేయవచ్చు. మట్టం ఎక్కువైతే ఓవర్ ఫ్లో అయి కారుతుంది, తక్కువైతే పూర్తి థ్రాటిల్‌లో పెట్రోలు చాలదు. ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడండి. లోపల పెట్రోలు చప్పుడు వినిపిస్తే అది చిల్లు పడినట్టే, మార్చడం తప్ప మార్గం లేదు.

జెట్‌ను తీసి క్లీనర్‌తో తడిపి, గాలి కొట్టి, వెలుతురుకు ఎత్తి చూడండి. లోపలి రంధ్రం గుండ్రంగా, అంచులు పదునుగా కనిపించాలి. దాన్ని పిన్నీసుతోనో రాగి కాని తీగతోనో పొడవకండి. ఇత్తడి మెత్తన, ఒక్క గీత పడినా కొలత మారిపోతుంది.

మూడో మెట్టు: అసలు దారిని సాఫు చేయడం

ఇప్పుడు నిజంగా గాలి మెరుగుపరిచే పని. స్పాంజి ఫిల్టర్‌ను కిరోసిన్‌లో పిండి, సబ్బు నీళ్లలో ఉతికి, నీడన ఆరబెట్టి, కొన్ని చుక్కల ఆయిల్ రాసి, మిగులు పోయేలా గుడ్డలో పెట్టి గట్టిగా పిండి తిరిగి బిగించండి. మన మట్టి రోడ్ల దుమ్ముకు పదిహేను రోజులకొకసారి ఈ పని అవసరమవుతుంది. ఫిల్టర్ ఎప్పుడూ పెట్రోలుతో తడిసి కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. ఈ ఇంజనులో పిస్టనే ఇన్‌టేక్ రంధ్రాన్ని తెరిచి మూస్తుంది కాబట్టి, తక్కువ చుట్లలో కొంత మిశ్రమం వెనక్కి చిమ్మడం సహజం.

ప్యాకింగ్ రంధ్రాన్ని గొట్టం రంధ్రంతో పోల్చి చూడండి. కిట్‌తో వచ్చే ప్యాకింగులకు చాలాసార్లు రంధ్రం చిన్నదిగా ఉండి, కాగితం అంచు గాలి దారిలోకి పొడుచుకు వస్తుంది. గొట్టం అంచుకు కొద్దిగా స్టాంపు ప్యాడ్ సిరా పూసి ప్యాకింగ్ మీద అద్దితే ఎంత అడ్డు వస్తోందో గీత గీసినట్టు కనిపిస్తుంది, దాన్ని పదునైన బ్లేడుతో కోసేయండి. అలాగే సిరాతో సిలిండర్ రంధ్రానికీ గొట్టం రంధ్రానికీ మధ్య మెట్టు ఉందేమో చూసి, ఉంటే గుండ్రటి చిన్న ఆకురాయితో గొట్టం వైపే అరగదీసి కలపండి. సిలిండర్ రంధ్రం ఎత్తును మాత్రం ముట్టుకోవద్దు, అది మారితే ఇన్‌టేక్ టైమింగే, అంటే ఇంజను గాలి పీల్చే సమయమే, మారిపోతుంది. గొట్టం లోపల పోత మిగిల్చిన బొడిపెలు తీసేస్తే చాలు, అద్దంలా మెరిపించనక్కరలేదు. కాస్త గరుకు ఉంటేనే గోడకు అంటిన పెట్రోలు చుక్కలు విడివడి గాలిలో కలుస్తాయి.

లోపలికి వచ్చే గాలి అంతా బయటికి పోవాలి కూడా. సైలెన్సర్ చివరి గొట్టంలో కార్బన్ పట్టి ఉంటే పైన చేసిన పనికి ఫలితం కనిపించదు. చివర విప్పి, గీకి, రంధ్రం శుభ్రం చేయండి.

నాలుగో మెట్టు: మెయిన్ జెట్

ఫిల్టర్ డబ్బా, గొట్టం, సైలెన్సర్ తుది రూపానికి వచ్చాకే జెట్ ఎంచుకోవాలి. జెట్ మీది అంకె సాధారణంగా మిల్లీమీటరులో వందో వంతుల్లో రంధ్రం వ్యాసం. 70 అంటే 0.70 మిల్లీమీటరు. ప్రవాహం వ్యాసం మీద కాక వైశాల్యం మీద ఆధారపడుతుంది కాబట్టి, 70 నుంచి 75కు పోతే రంధ్రం దాదాపు 15 శాతం పెరుగుతుంది, 70 నుంచి 72కు పోతే సుమారు 6 శాతం. చూడటానికి అయిదు అంకెల తేడా చిన్నదే, ఇంజనుకు చాలా పెద్దది. మర రకాలు వేరువేరుగా ఉంటాయి కనుక కొనడానికి పోయేటప్పుడు పాత జెట్ చేతిలో పట్టుకెళ్లండి.

ఎప్పుడూ పెద్ద జెట్‌తో మొదలుపెట్టి చిన్నదానికి దిగండి. పెట్రోలు ఎక్కువైతే పొగ వస్తుంది, ప్లగ్ నల్లబడుతుంది, అంతే. తక్కువైతే పిస్టన్ పోతుంది. పూర్తి థ్రాటిల్‌లో ఇంజను బుడబుడమంటూ, ఒక దెబ్బ వదిలి ఒక దెబ్బ కొడుతున్నట్టు నడిస్తే పెట్రోలు ఎక్కువ. ఆ శబ్దం పోయి ఒకే ధారగా లాగడం మొదలైన జెట్ దగ్గర ఆగాలి. అంతకు మించి దిగితే శబ్దం సన్నగా, కీచుగా మారి, వేగం పెరిగినట్టే పెరిగి తరువాత పడిపోతుంది. అనుమానం ఉంటే నడుస్తుండగా చోక్ కొద్దిగా మూసి చూడండి. లాగుడు పెరిగితే జెట్ చిన్నది, తగ్గితే సరిపోయింది లేదా పెద్దది.

చెవి చెప్పినదాన్ని ప్లగ్‌తో సరిచూసుకోవాలి. 14 మిల్లీమీటర్ల మర ఉన్న ఎన్‌జీకే బీ6హెచ్ఎస్ లాంటి కొత్త ప్లగ్‌ను 0.6 నుంచి 0.7 మిల్లీమీటరు గ్యాప్‌తో బిగించి, ఇంజను బాగా వేడెక్కాక, తిన్నని బాటలో పూర్తి థ్రాటిల్ మీద అర కిలోమీటరైనా పోయి, థ్రాటిల్ తగ్గించకుండానే కిల్ స్విచ్ నొక్కి, అదే క్షణంలో క్లచ్ పట్టేయండి. ఐడ్లింగ్‌లో నడుపుకుంటూ ఇంటికి వచ్చి తీసిన ప్లగ్ ఐడ్లింగ్ కథే చెబుతుంది గాని పూర్తి థ్రాటిల్ సంగతి చెప్పదు. ప్లగ్ చల్లారాక తీసి, భూతద్దంతో పింగాణీ కాడ మొదట్లోకి, లోతుగా చూడండి. అక్కడ టీ రంగు ఉంగరం సన్నగా కనిపిస్తే కొలత కుదిరింది. తడిగా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా సున్నం కొట్టినట్టుండి, చిన్న మెరిసే చుక్కలు కనిపిస్తే బండి అక్కడే ఆపేయండి. ఆ చుక్కలు పిస్టన్ నుంచి వచ్చిన అల్యూమినియం. ఇప్పటి పెట్రోలుతో ఒక్క పరుగుకే రంగు గాఢంగా పట్టదు కాబట్టి, మూడు నాలుగు పరుగుల తరువాతే నిర్ణయం తీసుకోండి.

అయిదో మెట్టు: సూది, ఐడ్లింగ్

పావు థ్రాటిల్ నుంచి ముప్పావు దాకా పెట్రోలును నడిపేది సూది. క్లిప్పును ఒక గాడి కిందికి దింపితే సూది పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది, పైకి జరిపితే తగ్గుతుంది. సగం థ్రాటిల్‌లో బండి కుంటుతూ పొగ వదిలితే క్లిప్పు ఒక గాడి పైకి, థ్రాటిల్ తెరవగానే ఒక క్షణం ఊపిరి బిగపట్టినట్టు ఆగి అప్పుడు లాగితే ఒక గాడి కిందికి మార్చండి. మనం ఎక్కువసేపు నడిపేది ఈ మధ్య భాగంలోనే కాబట్టి, మైలేజీ కూడా ఇక్కడే తేలుతుంది. స్లయిడ్‌ను తిరిగి వేసేటప్పుడు దాని కోత ఉన్న వైపు ఫిల్టర్ దిక్కుకు ఉండాలి, పక్కనున్న గాడి లోపలి పిన్నులో కూర్చోవాలి. బలవంతంగా తోస్తే స్లయిడ్ తెరిచి ఉన్నచోటే ఇరుక్కుంటుంది, అలాంటప్పుడు స్టార్ట్ చేస్తే ఇంజను పూర్తి రేస్‌లో లేస్తుంది.

ఈ కార్బురేటర్‌లో స్లో జెట్ (ఐడ్లింగ్‌కు పెట్రోలు ఇచ్చే చిన్న జెట్) విడిగా లేదు. పక్కనున్న స్క్రూ స్లయిడ్‌ను కొంచెం ఎత్తి పట్టుకుంటుందంతే, మిశ్రమాన్ని మార్చదు. ఇంజను వేడెక్కాక, ఆగకుండా ఉండే అతి తక్కువ రేస్ దగ్గర దాన్ని వదిలేయండి. యాక్సిలరేటర్ కేబుల్‌కు ఒకటి రెండు మిల్లీమీటర్ల వదులు ఉంచి, హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పినప్పుడు రేస్ మారకుండా చూసుకోండి. మోపెడ్ల కార్బురేటర్లలా విడిగా స్లో జెట్, గాలి స్క్రూ ఉన్న రకం మీ చేతిలో ఉంటే, స్క్రూను మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్లు విప్పి, అక్కడి నుంచి ఎటు తిప్పితే రేస్ ఎక్కువగా, నిలకడగా ఉంటుందో అక్కడ ఆపాలి. స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటే విప్పినకొద్దీ గాలి పెరుగుతుంది, ఇంజను వైపు ఉంటే విప్పినకొద్దీ పెట్రోలు పెరుగుతుంది.

ఎండ, ఎత్తు

ఇరవై డిగ్రీల గాలి కన్నా 45 డిగ్రీల గాలి దాదాపు 8 శాతం పలచన. డిసెంబరు ఉదయాన సరిగ్గా కుదిర్చిన జెట్ మే నెలలో కాస్త పెట్రోలు ఎక్కువ పోస్తుంది, అది ప్రమాదం కాదు. రెంటచింతల ఎండలో కుదిర్చిన జెట్‌తో చలికాలంలో పూర్తి థ్రాటిల్ మీద నడిపితేనే ప్రమాదం, ఎందుకంటే చిక్కబడిన గాలికి పెట్రోలు చాలదు. ఎత్తుదీ ఇదే లెక్క. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి సుమారు పదో వంతు పలచబడుతుంది కాబట్టి, విశాఖ తీరంలో కుదిరిన బండి 900 మీటర్ల ఎత్తున్న అరకులో బుడబుడమంటుంది. అక్కడ జెట్ తగ్గించి సరిచేసుకున్నవారు కొండ దిగే ముందే పాత జెట్ తిరిగి వేసుకోవాలి.

అంతా అయ్యాక 50 కిలోమీటర్లు నడిపి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ గొట్టం నట్లు, కార్బురేటర్ క్లాంపు మళ్లీ ఒకసారి బిగించండి. కొత్త ప్యాకింగ్ నొక్కుకుని పలచబడటంతో నట్లు వదులవుతాయి, మొదటి మెట్టులో మూసిన సందు అక్కడే మళ్లీ తెరుచుకుంటుంది. ఆ తరువాత ప్లగ్ ఇంకోసారి తీసి చూసి, రంగును, ఆ రోజు తేదీని నోటు పుస్తకంలో రాసుకోండి.